గోడకు తిరిగిన తప్పెటలు

క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం ఆరాధన ముగియగానే పేటలోని తప్పెటలన్నీ గుడి గోడకెక్కాయి. సంఘపెద్ద తిప్పయ్య స్టూలెక్కి ఒక్కొక్కదాన్నీ మేకుకు తగిలించి, చర్మం గోడవైపు తిరిగేలా సర్దాడు. మళ్ళీ అవి దిగేది క్రిస్మస్ ముందురోజు సాయంత్రమే. అంతవరకూ పెళ్ళికి గానీ చావుకు గానీ పేటలో తప్పెట మోగకూడదు. ప్రభుభోజనపు బల్ల మీద ఈ కాలమంతా పరిచే ఊదారంగు గుడ్డ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యమని తిప్పయ్య అనేవాడు. అతనితో వాదించి లాభం లేదు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

నిజం చెప్పుకోవాలంటే ఆ కట్టడిలో భక్తి కొంత, రోషం కొంత. ఊళ్ళోవాళ్ళు ఎప్పుడు పిలిస్తే అప్పుడు తప్పెట చంకన పెట్టుకుని పరుగెత్తే బతుకులు వాళ్ళవి. ఏడాదిలో ఒక్క నెలైనా "ఇప్పుడు రాము, మా దేవుడొచ్చే కాలం" అని చెప్పగలగడం తిప్పయ్యకు గొప్పగా ఉండేది. ఆ కోపంతో ఊరి పెద్దలు కూలి పిలుపులు తగ్గించినా అతను లొంగలేదు. పస్తున్నవాడికి సంగటి రుచి తెలుస్తుందంటారు. ఇన్నాళ్ళ మౌనం తర్వాత పండగ సాయంత్రం తప్పెటలు ఒక్కసారిగా మోగితే ముసలివాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అందుకే పేటంతా ఒప్పుకుంది.

అయితే ఈ ఏడు తిప్పయ్య తండ్రి ఆంజినప్ప మంచం పట్టాడు. కదిరి దాకా పేరున్న తప్పెటగాడు ఆయన. వానల్లేక శనక్కాయ పైరు ఊడలు దిగకముందే ఎండిపోవడంతో, ఇంట్లో ఉన్న కాస్త జొన్నలూ పిల్లలకే పెట్టమని తాను గంజినీళ్ళతో గడిపి, దగ్గుకు చిక్కాడు.

"నాదీ తగిలిచ్చినావా?" అని అడిగాడు ఆ ఆదివారం.

"అందరివీ తగిలిచ్చినా నాయనా."

"నేను ఇంగ శానా దినాలు ఉండను. చప్పుడు లేకుండా మాత్రం నన్ను తీసకపోవద్దురా. ఊళ్ళో ఎవురు సచ్చినా ముందర నడిచినోణ్ణి నేను. నా ముందర ఎవురూ లేకుంటే ఎట్లరా?"

"పండగ దాకా ఓపిక పట్టు నాయనా," అన్నాడు తిప్పయ్య. చావును కూడా పండగ దాకా ఆగమనే కొడుకును ఎక్కడైనా చూశామా? కానీ ఆ ముసలాయన సరేనన్నట్టు తలూపాడు. ఆ రోజు నుంచి ఎవరు పలకరించడానికి వచ్చినా "పండగ ఎప్పుడప్పా?" అని అడగడం మొదలుపెట్టాడు.

తిప్పయ్యకు తండ్రి కోసం కట్టడి సడలించాలంటే ఎదురింటి బయ్యన్న ముఖం గుర్తొచ్చేది.

నిరుడు ఇదే కాలంలో బయ్యన్న తల్లి భద్రమ్మ పోయింది. పేటలో సగంమందికి బొడ్డు కోసిన మంత్రసాని ఆవిడ. తిప్పయ్యను భూమ్మీద వేసింది కూడా ఆ చేతులే. బయ్యన్న గుడి తాళంచెవి కోసం వచ్చి, అందరూ చూస్తుండగా తిప్పయ్య కాళ్ళు పట్టుకున్నాడు. "పాదిరి అయ్యగారి మాటప్పా, దేవుని మాట. నా చేతిలో ఏముండాది?" అన్నాడు తిప్పయ్య. భద్రమ్మ పాడె మూగగా వెళ్ళింది. అప్పటినుంచి బయ్యన్న గుడికి వస్తాడు గానీ లోపలికి రాడు. గడప బయటే కూర్చుని ప్రార్థన విని లేచిపోతాడు.

మూడో ఆదివారం గడిచింది. ఆంజినప్పకు మాట పడిపోయింది. చేతివేళ్ళు మాత్రం మంచం పట్టె మీద కదులుతూ ఉన్నాయి. చూడలేక తిప్పయ్య పొద్దున్నే అనంతపురం బయల్దేరాడు. బుక్కరాయసముద్రం చెరువు బీటలు వారి పడి ఉంది. నీళ్ళుండాల్సిన చోట అడ్డంగా నడిచి, అయ్యగారి ఇల్లు చేరాడు. నెలకోసారి పేటకు వచ్చి ప్రభుభోజనం ఇచ్చే ఆయన గుంటూరు వైపు మనిషి, మెత్తనివాడు.

"మా నాయనకు మాత్రం ఒక్కసారి సెలవియ్యండి అయ్యగారూ," అని చేతులు కట్టుకున్నాడు తిప్పయ్య.

అయ్యగారికి అర్థం కాలేదు. విషయమంతా చెప్పించుకుని ఆశ్చర్యపోయాడు. "తప్పెటల సంగతి నేనెప్పుడు చెప్పాను తిప్పయ్యా? ఈ కాలంలో మనసు మౌనంగా ఉంచుకొమ్మన్నాను, పెళ్ళిళ్ళు ఆపమన్నాను. గోడకు తగిలించి ఉంటే భద్రంగా దాచుకున్నారేమో అనుకున్నాను. చావుకు నియమం ఎవరు పెడతారయ్యా? వెళ్ళు, మీ నాన్నగారిని ఆయన కోరుకున్నట్టే సాగనంపు."

అడిగింది దొరికింది. కానీ తిప్పయ్యకు సెలవు ఇవ్వనంటే బాగుండేదని అనిపించింది. అప్పుడు కట్టడి దేవుడిదై ఉండేది. ఇప్పుడు అది తనది. భద్రమ్మను మూగగా పంపింది దేవుడూ కాదు, అయ్యగారూ కాదు. దారి పొడుగునా ఆ సిగ్గు అతన్ని తినేసింది.

పేట మొదట్లోనే భార్య ఏడుపు వినిపించింది. ఆంజినప్ప పండగ దాకా ఆగలేకపోయాడు.

తిప్పయ్య తండ్రి పాదాలు ముట్టుకుని, లేచి, గుడి వైపు కాకుండా ఎదురింటికి నడిచాడు. బయ్యన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అయ్యగారు అట్ల చెప్పనే లేదంట బయ్యన్నా. నా అంతట నేనే పెట్టిన కట్టడి అది. మీ యమ్మకు నేనే అన్యాయం చేసినా." తాళంచెవి అతని ముందు పెట్టాడు. "నువ్వు దించమంటే దించుతా. వద్దంటే మా నాయన కూడా అట్లే పోతాడు."

బయ్యన్న తాళంచెవిని తిరిగి అతని వైపు నెట్టాడు. "సచ్చినోళ్ళ మీద నాకేం పగ ఉండాది? దించుకో," అన్నాడు. "కానీ ముందు మా యమ్మకు కొట్టాల. ఆ తర్వాతే మీ నాయనకు."

మధ్యాహ్నం పాడె లేచింది. గుడి గోడ మీంచి ఒక్క ఆంజినప్ప తప్పెటే దిగింది. బొందలగడ్డ దాకా దాన్ని ఎవరూ వాయించలేదు. అక్కడ పాడె దించి, బయ్యన్న తల్లి సమాధి పక్కన చితుకులు పోగేసి మంట వేశాడు. ఇన్నాళ్ళలో వదులైన చర్మాన్ని తిప్పయ్య ఆ మంట మీద కాచాడు. మట్టిదిబ్బ ముందు నిలబడి పుల్ల ఎత్తాడు. మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. రెండోది పలికింది. నిరుడు ఆగిపోయిన ఏడుపు అప్పుడు బయ్యన్న గొంతులోంచి బయటికి వచ్చింది.

కొంతసేపటికి జనం పాడె వైపు చూశారు. ఆంజినప్ప ఎండలో ఎదురుచూస్తూ ఉన్నాడు. తిప్పయ్య మాత్రం వెనక్కి తిరగలేదు. బయ్యన్న చాలు అనేదాకా కొట్టాలని నిశ్చయించుకున్నాడు.

బయ్యన్న చాలాసేపటి వరకూ ఆ మాట అనలేదు.