లకుముకి పిట్ట బొమ్మ కింద

మేం తిరిగే చక్రాల ఇల్లు, మా పాత మోటర్‌హోమ్ గోడ చెమ్మెక్కినప్పుడల్లా, దాన్ని మాకు అమ్మిన క్లైవ్ ఒకటే మాట అనేవాడు: “అది వాన కాదురా వాల్టర్, మీ ఆవిడ టీ కాచే ఆవిరి!” ఇరవై ఏళ్ల స్నేహం కదా, నమ్మాను. నార్తంబర్లాండ్ తీరంలో మూడు చలికాలాలు మా ఆవిడ మావిస్ చేత బయట, గొడుగు కింద టీ కాయించాను.

ఈ ఉదయం ఆకులు ఊదే యంత్రంతో బండి లోపల గాలి నింపి, బయటంతా సబ్బునీళ్లు పూశాను. కన్నం ఉంటే బుడగలు లేస్తాయి. ఒక్క లకుముకి పిట్ట స్టిక్కర్ అంచునే లేచాయి. తాళాలిచ్చిన రోజు ‘నా గుర్తుగా’ అంటూ క్లైవ్ తన చేత్తో అతికించిన బొమ్మ అది. పీకి చూస్తే కింద బెత్తెడు పగులు, అందులో ఎండిపోయిన పాత లప్పం. దాన్ని గీకేసి కొత్తది నింపాను.

పక్క బండిలోంచి క్లైవ్ వచ్చాడు. “అయ్యో, అంత మంచి బొమ్మ పీకేశావేంట్రా!”

“సిగ్గులేదురా నీకు? ఆవిరన్నావు కదరా!”

“నువ్వు నమ్మావు కదరా!”

చినుకులు మొదలయ్యాయి. మావిస్ లోపల స్టవ్ వెలిగించి, కెటిల్ పెట్టి, ఒకే ఒక్క కప్పు తీసింది. గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టి, మా ఇద్దరి మొహానా తలుపేసింది.