చదివానన్న సంతకం

చెక్ దేశంలోని బ్ర్నోలో సోమవారం పొద్దున రాడోవాన్ కాఫీ పక్కన పెట్టుకుని ఒక ప్రోగ్రామ్‌లో అతుకులా చేర్చమని లిబూషె పంపిన ప్యాచ్ తెరిచాడు. తెరవక తప్పలేదు. పదకొండు రోజులుగా మీనమేషాలు లెక్కపెడుతుంటే ఆవిడ మూడుసార్లు మర్యాదగా గుర్తుచేసింది. నలభై మూడేళ్ల మనిషి, బడిలో లెక్కలు చెప్పడం మానేసి ఈ పనిలోకి వచ్చింది. కొత్త ఉద్యోగంలో మూడు నెలల ప్రొబేషన్ శుక్రవారంతో సరి. ఆ లోపు ఒక తప్పు పట్టుకోకపోతే ఇంటికే.

ఆ తప్పు ఎమ్యులేటర్‌లో ఉంది. ఒక ప్రాసెసర్ మీద ఇంకో ప్రాసెసర్ వేషం కట్టే ప్రోగ్రామ్ అది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాస్తారు. అందులో మెమరీ భాగానికి రాడోవానే పెద్దదిక్కు. ఎవరు ఏ మార్పు పంపినా ఇంకొకరు చదివి, కింద 'చదివి చూశాను' అని పేరు రాయాలి. ఆ పేరు లేనిదే ఏదీ లోపలికి పోదు. పేరు పడిందంటే మళ్లీ ఎవరూ అడగరు.

ఆ ఎమ్యులేటర్ మీద లిబూషె నడిపే యంత్రం మాత్రం రెండు మూడు రోజులకోసారి ఉన్నట్టుండి కూలిపోతోంది. మెమరీలో పేజీ అనే ముక్క చోటు మారినా దాని పాత చిరునామా ఎక్కడో చెరగకుండా మిగిలిపోతోందని ఆవిడ అనుమానం. అలాంటి చిరునామా వాడకంలోకి రాగానే, దాన్ని చెరపకుండా వదిలేసిన లైను ఏదో చెప్పేలా ప్యాచ్ రాసింది. కానీ ఎవరూ చదివి పేరు పెట్టని ప్యాచ్‌ను వాళ్ల ఆఫీసులో నడపనివ్వరు.

రాడోవాన్ పైపైన చదివాడు. శుభ్రంగానే రాసిందే అనుకుని నడిపి చూశాడు. నలభై నిమిషాలకు తెర మీద ఒక ఫైలు పేరు, లైను నంబరు పడ్డాయి. నాలుగు నెలల కిందట ఒటకార్ పంపిన మార్పు అది. కింద చదివినవాళ్ల పేరు ఒక్కటే ఉంది, రాడోవాన్‌ది.

చదివితే కదా! ఒటకార్‌ది పదేళ్ల స్నేహం. ఆ రోజు ఇద్దరూ క్యాంటీన్లో వెల్లుల్లి సూప్ తాగుతున్నారు. కాస్త చూసిపెట్టమని వాడు అడిగితే, "నువ్వు రాశాక ఇంక చూసేదేముందిరా" అని చెంచా కింద పెట్టకుండానే ఫోన్లో పేరు కొట్టేశాడు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఆ సంతకంలో చదవడం అంత.

ఇప్పుడు కిక్కురుమనకుండా ఆ ఒక్క లైను దిద్దేయొచ్చు. ఎవరికీ తెలియదు. సోమవారమంతా తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. మంగళవారమూ అంతే. సిగ్గుతో ఒక్క ముక్క రాయలేకపోయాడు. బుధవారం పొద్దున ఆ ప్రోగ్రామ్ రాసేవాళ్ల మెయిలింగ్ లిస్టులో అందరికీ రాశాడు. తప్పు ఫలానా లైనులో ఉందనీ, లిబూషె ప్యాచే పట్టిందనీ, తను చదవకుండానే చదివానని పేరు పెట్టాననీ దాచకుండా రాశాడు. తర్వాత ఆవిడకు ఫోన్ చేశాడు.

"చూశానండీ," అంది లిబూషె. "నిన్న సాయంత్రమే మా మేనేజరు చెప్పేశారు. నాకు శుక్రవారమే ఆఖరు."

తనే ఆయనతో మాట్లాడతానన్నాడు రాడోవాన్. తన చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారంది ఆవిడ.

"నాకు సోమవారమే తెలిసిందండీ," అన్నాడతను. చెప్పకుండా ఉండలేకపోయాడు.



"మొదటి వారంలోనే ఆ లైను దగ్గరికి వచ్చాను," అంది లిబూషె. కోపం లేదు గొంతులో, అలసటే ఉంది. "అనుమానమూ వచ్చింది. కింద మీ పేరు చూసి, మీరు చూశాక తప్పెందుకుంటుంది, నాకే తెలియలేదనుకుని మూసేశాను."

ఫోన్ పెట్టేశాక అతను ఆవిడ ప్యాచ్ మళ్లీ మొదటి అక్షరం నుంచి చదివాడు. ప్రతి లైనూ నడిపి చూశాడు. సాయంత్రానికి 'చదివి చూశాను' అని రాసి, కింద తన పేరు పెట్టి పంపాడు. ఈసారి నిజంగానే చదివాడు.

గురువారం జవాబు వచ్చింది.

"రాడోవాన్ గారూ, ప్యాచ్ వాడుకోండి. మీ పేరు మాత్రం తీసేయండి. అది చూస్తే తర్వాత వచ్చేవాళ్లు చదవడం మానేస్తారు."

రాడోవాన్ తన పేరు చెరిపేసి, ఇది చదివిపెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని లిస్టులో అడిగాడు.