ఆలస్యం ఎవరిది

గంటల కోట అనే ఆట రెండో భాగం వచ్చి వారం తిరక్కుండానే మా గ్రూపు రెండు ముక్కలైంది. దానికి కారణం మా బాబాయ్.

గ్రూపంటే వీడియో గేములు ఆడేవాళ్ళ గ్రూపు. అక్కడ ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియదు, అందరికీ మారుపేర్లే. మా బాబాయ్ పేరు బొటనవేలు. అది ఆయన పెట్టుకున్నది కాదు, జనం పెట్టింది. మొదటి భాగం వచ్చిన రోజుల్లో ఆయన తన చేతులు కనిపించేలా వీడియోలు తీసి పెట్టేవాడు. ముఖం ఉండదు, మాటలుండవు, కింద కంట్రోలర్ మీద రెండు చేతులు, పైన టీవీ, అంతే. శత్రువు కత్తి ఎత్తుతాడు, కత్తి మొన మీద తళుక్కున మెరుపొకటి మెరుస్తుంది, సరిగ్గా ఆ మెరుపులో బటన్ నొక్కితే మన డాలు అడ్డం పడుతుంది, రెప్పపాటు అటూ ఇటూ అయిందా, తల ఎగిరిపోతుంది. బాబాయ్ ఒక్క దెబ్బ తినకుండా కోట మొత్తం ఎక్కి పైనున్న గంట కొట్టేశాడు. ఆ ఒక్క వేలిని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి గ్రూపులో చేరారు, వాళ్ళలో నేనొకదాన్ని, ఆ వేలు మా ఇంటిదేనని నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు!

బయట ఆయన పళ్ళ డాక్టరు. అక్కడా ఆ వేళ్ళదే పేరు. సూది ఎప్పుడు గుచ్చాడో ఎప్పుడు తీశాడో తెలియదంటారు పేషెంట్లు.

మా గ్రూపులో ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. “నాకు నచ్చలేదు” అనడం, “బాగాలేదు” అనడం ఒకటేనా, వేరువేరా? ఒక ఆట బాగుందో లేదో మనుషులతో పని లేకుండా తేల్చొచ్చా, లేక అంతా ఎవరి ఇష్టం వాళ్ళదేనా? దీని మీద జనం పెళ్ళి పీటల మీంచి కూడా మెసేజ్‌లు కొట్టిన సందర్భాలున్నాయి. తేల్చొచ్చు అనే పార్టీకి బాబాయే పెద్ద దిక్కు. “నేను కట్టిన పన్ను రంగు నీకు నచ్చకపోవచ్చు, అది నీ ఇష్టం. అది సరిగ్గా కూర్చుందా లేదా అన్నది మాత్రం నీ ఇష్టం కాదు నాయనా, కొరికితే తెలుస్తుంది” అని రాసేవాడు. అవతలి పార్టీ నాయకుడు గండుచీమ. పేరుకి తగ్గవాడే, పట్టుకుంటే వదలడు.

అలాంటి బాబాయ్ రెండో భాగం ఆడి ఇలా రాశాడు: “ఇది బాగాలేదు. నచ్చకపోవడం కాదు, బాగాలేదు. బటన్ నొక్కాక డాలు ఆలస్యంగా లేస్తోంది. ఇది లోపం.”

ఇంకేముంది, గ్రూపు భగ్గుమంది.

“మా అందరికీ బాగానే లేస్తోందే, నీ డాలుకేమైనా నడుం నొప్పా?” అన్నారొకరు. “ఓడిపోయినప్పుడల్లా ఆటదే తప్పు” అన్నారింకొకరు. గండుచీమ తాపీగా వచ్చాడు. “నచ్చలేదని చెప్పు బొటనవేలూ, నెత్తిన పెట్టుకుంటాం. లోపమంటే మాత్రం కొలిచి చూపించు. చూపించలేకపోతే ‘నచ్చలేదంతే’ అని ఒక్క ముక్క రాసి పక్కకి తప్పుకో. నీ పార్టీ మొత్తం తప్పుకోవాలి మరి.”

నేను ఊరుకుంటానా. బాబాయ్ తరఫున కలబడ్డాను, కాలేజీ బస్సులో నిలబడి ఒంటి చేత్తో టైపు చేశాను. “రేపే కొలిచి చూపిస్తాం, చెవులు పిండించుకోడానికి రెడీగా ఉండు” అని సవాలు కూడా విసిరేశాను. బాబాయ్‌కి చెప్తే, “విసిరేశావా? మంచి పని చేశావ్. రేపు మధ్యాహ్నం క్లినిక్‌కి వచ్చెయ్” అన్నాడు.

మర్నాడు భోజనాల వేళకి వెళ్ళాను. క్లినిక్ వెనక చిన్న గది ఉంది, ఒకప్పుడు ఎక్స్‌రేలు తీసేవాళ్ళట, ఇప్పుడు అందులో ఒక టీవీ, ఒక పాత సోఫా, గోడ పొడవునా అరల నిండా ప్లాస్టర్ దవడలు. కిటికీకి నల్ల అట్ట అతికించి ఉంటుంది కాబట్టి పట్టపగలు కూడా చీకటి గుయ్యారంలా ఉంటుంది. నర్సక్క ముందు గదిలో డబ్బా తెరుచుకుని తింటూ, “పెద్దవాళ్ళయ్యుండి ఈ ఆటలేంటో” అని గోడకి చెప్పుకుంటోంది.

కొలిచే పద్ధతి తేలికే. ఫోన్ కెమెరాని స్లో మోషన్‌లో పెట్టి, వేలూ టీవీ రెండూ ఒకే ఫ్రేములో పడేలా తీస్తే, వేలు బటన్‌ని నొక్కిన క్షణానికీ తెర మీద డాలు లేచిన క్షణానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో కళ్ళారా చూడొచ్చు. ముందు పాత భాగానికి తీయాలి, తర్వాత కొత్తదానికి, రెండూ పక్కపక్కన పెట్టి గండుచీమ మొహాన కొట్టాలి.

“ఫోన్ కదలకూడదు.”

“కదలదు బాబాయ్, నీ దవడలకి ఆనించాను.”

“నా దవడలకా?”

“అబ్బా, అరలో వాటికి!”

“అవి ఎవరో పెద్దాయనవి, ఆయన చూస్తే ఆ దవడలతోనే కరుస్తాడు” అని నవ్వి కంట్రోలర్ తీసుకున్నాడు. కొత్తది. పాతదే పాడైందేమోనని దీన్ని కొన్నాడట, వైరు మార్చాడట, టీవీలో సెట్టింగులన్నీ తిరగేశాడట. “ఈ మధ్య ఏదీ సరిగ్గా తయారుచెయ్యట్లేదే పిల్లా. ఆటలే కాదు. రూట్ కెనాల్‌కి వాడే సన్న సూదులున్నాయి చూడు, ఇదివరకు చెప్పినట్టు వినేవి, ఇప్పుడు సగం దూరం పోయి మొరాయిస్తున్నాయి. పెన్నులూ అంతే. రాయడం మొదలెట్టేటప్పుడు అక్షరాలు బాగానే ఉంటాయి, లైను చివరికొచ్చేసరికి చీమలైపోతాయి. అన్నీ నాసిరకం.”

“గండుచీమలా?”

“నల్లచీమలు” అన్నాడు. ఆడటం మొదలుపెట్టాడు.

పాత భాగంలో కోట ద్వారం దగ్గర కాపలావాడితో తలపడ్డాడు. రెండు దెబ్బలు తిన్నాడు. “చాలా రోజులైందిగా” అన్నాడు. కొత్తదానిలో అయితే కాపలావాడు చితక్కొట్టేశాడు. “చూశావా? చూశావా? నొక్కాను కదా!” అని సోఫాలోంచి సగం లేచాడు. నేనూ ఊగిపోతున్నాను, దొరికిపోయావ్ గండుచీమా, దొరికిపోయావ్.

ఇద్దరం సోఫాలో పక్కపక్కన కూర్చుని వీడియో చూశాం. స్లో మోషన్‌లో అంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టు ఉంటుంది. పాత భాగం: వేలు బటన్‌ని నొక్కింది, డాలు లేచింది. కొత్త భాగం: వేలు నొక్కింది, డాలు లేచింది. నేను వెనక్కి తిప్పాను. మళ్ళీ చూశాం. వెంట్రుకవాసి తేడా లేదు. నిజం చెప్పాలంటే కొత్తదానిలోనే కాస్త చురుగ్గా లేస్తోంది.

“సరిగ్గా పడలేదేమో, ఇంకోసారి తీద్దాం” అన్నాను.

బాబాయ్ ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ముందుకి జరిపాడు, వెనక్కి జరిపాడు. ఆయన డాలుని చూడట్లేదు. అప్పుడు నేను కూడా చూశాను. కత్తి మొన మీద మెరుపు మెరిసింది, వేలు కదల్లేదు. మెరుపు ఆరిపోయింది, వేలు ఇంకా కదల్లేదు. కత్తి సగం దూరం వచ్చేశాక, అప్పుడు, ఎవరో దూరం నుంచి పిలిస్తే విన్నట్టుగా బొటనవేలు కిందికి దిగింది.

“నా పాత వీడియో ఒకటి తియ్యి, గంట కొట్టింది” అన్నాడు.

గ్రూపులో వెతికి తీశాను. అందులో మెరుపూ వేలూ ఒకటే. ఏది ముందో చెప్పలేం.

తర్వాత ఇవాళ్టి వీడియోలో ఆట మొదలవకముందు ముక్క చూశాడు. కాపలావాడు ఇంకా రాలేదు, చేతులు ఊరికే కంట్రోలర్ మీద ఉన్నాయి. ఎడమ చెయ్యి రాయిలా ఉంది. కుడి బొటనవేలు మాత్రం చూపుడు వేలి పక్కన మెల్లగా దొర్లుతోంది, కనపడని గింజనేదో నలుపుతున్నట్టు. అటూ, ఇటూ. అటూ, ఇటూ. ఆడే మనిషి తెర వంక చూసి నవ్వుతున్నాడు, నవ్వు వినిపిస్తోంది, వేలు తన పాటికి తాను దొర్లుతోంది.

“నిద్ర చాలట్లేదేమో బాబాయ్” అన్నాను.

“నిద్ర కాదే.”

“మరి?”

“నడిచేటప్పుడు నా కుడి చెయ్యి ఊగుతోందా? ఎప్పుడైనా చూశావా?”

చూశాను. అందరం చూశాం. ‘ఆ చేత్తో కనపడని సంచీ మోస్తున్నారా ఏంటి’ అని పిన్ని నవ్వేది, మేమూ నవ్వేవాళ్ళం. చెప్పకుండా తల దించుకున్నాను. ఆయనకి అదే జవాబు.

“పళ్ళ డాక్టర్లకి కూడా మొత్తం ఒళ్ళంతా చదివిస్తార్లే, వణుకుడు జబ్బు ఇలాగే మొదలవుతుంది” అన్నాడు. కుడి చెయ్యి తీసి తొడ మీద వెల్లకిలా పెట్టుకుని, దాన్ని వేరేవాళ్ళ ఎక్స్‌రే చూసినట్టు చూశాడు. “సూదులు మంచివే అన్నమాట. పెన్నులూ మంచివే. పాపం ఆ సూదుల కంపెనీ వాడికి ఫోన్ చేసి ఎంత తిట్టానో.”

“ముందు ఒక పెద్ద డాక్టరుకి చూపిద్దాం, ఇంకేదైనా అయ్యుండొచ్చు కదా, నరం నొక్కుకుపోవడమో ఏదో…”

“చూపిద్దాం. చూపించకుండా ఉంటామా.”

ఇంతలో ఫోన్ ఆగకుండా మోగుతోంది. గ్రూపు. ‘రేపే అన్నారు, ఏదీ?’ ‘కొలబద్ద దొరకలేదా?’ ‘బొటనవేలుకి గోరుచుట్టు వచ్చినట్టుంది.’ దాని కింద నవ్వులే నవ్వులు. గండుచీమ ఒక్కడే నవ్వలేదు. “వీడియో పెట్టు బొటనవేలూ. నాది తప్పయితే ఒప్పుకుంటా” అని రాశాడు. అది ఇంకా ఘోరంగా అనిపించింది.

“వీళ్ళకి చెప్పేద్దాం. ఇలా ఇలా అని చెప్తే ఒక్కడు నోరెత్తడు. ఏడుస్తారు కూడా.”

“ఏడవడానికా నేను గ్రూపులో ఉంది?” నా ఫోన్ పక్కన పెట్టి తన ఫోన్ తీశాడు. ఎడమ చేత్తో టైపు చేస్తున్నాడు, అలవాటు లేదు కదా, ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాడు. నేను భుజం మీంచి చదువుతున్నాను. “కొలిచాం. ఆటలో లోపమేమీ లేదు. నాకు నచ్చలేదంతే.”

“పంపకు బాబాయ్! అది అబద్ధం కదా. నీకు నచ్చింది. నచ్చింది కాబట్టే కదా ఇంత గొడవ!”

“నచ్చింది” అన్నాడు. “చాలా బాగా చేశారు దాన్ని, ద్వారం దగ్గర ఆ వాన చప్పుడు విన్నావా? అయినా నచ్చలేదంటే ఎందుకు నచ్చలేదని ఎవరూ అడగరే. ఆ మాటకి అదొక్కటే సుఖం.”

పంపేశాడు.

ఎవరూ అడగలేదు నిజంగానే. బాణాసంచా బొమ్మలు, చప్పట్లు, ‘అదీ మాటంటే!’ ‘ఇన్నేళ్ళకి ఒప్పుకున్నాడురా బాబూ!’ అవతలి పార్టీ పండగ చేసుకుంది. మా పార్టీ వాళ్ళు కొందరు మాటామంతీ లేకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. నాకు ఫోన్ తీసి గోడకి కొట్టాలనిపించింది.

“ఆ వీడియో తీసెయ్” అన్నాడు బాబాయ్. తర్వాత ఏమనుకున్నాడో, “వద్దులే, ఉంచు. డాక్టరుకి పనికొస్తుంది” అన్నాడు.

నర్సక్క తలుపు తోసింది. “డాక్టరుగారూ, బస్సు డ్రైవరుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. బుగ్గ చూడండి ఒకసారి, బన్నులా ఉంది. సూదులన్నీ సర్దేశాను.”

బాబాయ్ లేచి తెల్ల కోటు వేసుకున్నాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని ముందు గదిలోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

కుర్చీ వెనక్కి వాల్చి ఉంది, లైటు డ్రైవరుగారి మొహం మీద పడుతోంది, మెడకి కాగితం గుడ్డ కట్టి ఉంది. ఆయన అప్పటికే నోరు తెరిచేసి ఉన్నాడు.

“మీరు నోరు మూయొచ్చండీ” అన్నాడు బాబాయ్.

“ఈ మాట మా ఆవిడ రోజూ అంటుంది” అన్నాడు డ్రైవరుగారు, వాచిన బుగ్గతో ముద్దముద్దగా. “కానివ్వండి డాక్టరుగారూ, రాత్రంతా కన్ను మూతపడలేదు.”

“ఈ రోజు నేను చెయ్యనండీ. రెండు వీధుల అవతల మా స్నేహితుడు ఉన్నాడు. నేను ఫోన్ చేసి చెప్తాను, ఇప్పుడే చూస్తాడు.”

“అదేంటండీ? అటు పన్ను మీరే చేశారు, ఈ రోజుకీ రాయిలా ఉంది. మీ హస్తవాసి మంచిది. నేనింకొకళ్ళ దగ్గరికి పోను, ఇంకొంచెం సేపు కూర్చోమంటే కూర్చుంటా.”

“కూర్చున్నా లాభం లేదండీ.”

“మీకు ఒంట్లో బాగాలేదా?”

నర్సక్క ట్రే పట్టుకుని ఆయన వంకా నా వంకా చూస్తోంది.

“పోనీ ఆయన బాగా చేస్తాడా?” అని అడిగాడు డ్రైవరుగారు.

“బాగా చేస్తాడు.”

“మీకంటేనా?” అనుమానంగా, ఏదో పరాచికమాడుతున్నారన్నట్టు నవ్వబోయాడు, బుగ్గ లాగి ఆగిపోయాడు.

బాబాయ్ జేబుల్లోంచి చేతులు తీయలేదు. కోటు కుడి జేబు గుడ్డ సన్నగా కదులుతోంది. ఆ గదిలో అది నాకొక్కదానికే తెలుసు.

“నాకంటే బాగా చేస్తాడు” అన్నాడు.

డ్రైవరుగారు మెడకున్న కాగితం గుడ్డ తనే విప్పేసి, బుగ్గ పట్టుకుని లేచాడు. నేను తలుపు తీశాను. వీధిలో ఎండ మండిపోతోంది.

“సాయంత్రం వాళ్ళకేం చెప్పమంటారు?” అంది నర్సక్క. “వాళ్ళనీ అక్కడికేనా?”

“వాళ్ళనీ.”

“రేపు పొద్దున్నవాళ్ళని?”

బాబాయ్ ఖాళీ కుర్చీ మీద వెలుగుతున్న లైటు ఆర్పమని నాకు సైగ చేశాడు.