తీర్పు చెప్పని మాట

పొద్దున్నే నా మనవరాలు ఫోన్ పట్టుకొచ్చి, "అమ్మమ్మా, చూశావా? పెద్ద కోర్టు తీర్పు ఇచ్చేసింది, మనమే గెలిచాం" అంది. మనమంటే ఎవరే అన్నాను. దానికీ తెలియదు. తీర్పు ఎన్ని పేజీలే అన్నాను. నలభై సెకన్ల వీడియో చూశానంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తీర్పు ఏం చెప్పిందో సరే, ఏం చెప్పలేదో చూశావా అని అడిగితే, "నీకు చాదస్తం ఎక్కువైంది అమ్మమ్మా" అని చక్కాపోయింది.

చాదస్తమే, కాదన్నదెవరు? ఆ చాదస్తం నాకెక్కడ అంటుకుందో చెప్తాను. వినే ఓపికుంటే వినండి, లేకపోతే మీరూ ఆ నలభై సెకన్లే చూసుకోండి.

మా నాన్న హైకోర్టులో నకళ్ల గుమాస్తా. జడ్జిగారు ఇచ్చిన తీర్పుకి నకలు రాసి, అసలుతో అక్షరం అక్షరం పోల్చుకుని, ముద్ర వేయించి అడిగినవాళ్లకి ఇవ్వడం ఆయన పని. రోజంతా జనం బతుకుల్ని మార్చే మాటలు రాసేవాడు. సాయంత్రం వీధిలోకొస్తే ఆ మాటల్లో ఒక్కటీ ఎవరికీ తెలిసేది కాదు. "రాజ్యాంగం మనదేనంటారు, మనకి అర్థంకాని భాషలో చెప్తారు. మనింటి తాళంచెవి పొరుగింట్లో దాచినట్టుంది" అని విసుక్కునేవాడు.

విసుక్కుని ఊరుకునే మనిషి కాదు. మా వీధి చివర గ్రంథాలయం ఉండేది. దాని బయటి గోడకి నిలువెత్తు నల్లబోర్డు ఒకటి, ఏ పనీ లేకుండా పడి ఉండేది. అక్కడి అధికారిని బతిమాలి నాన్న దాన్ని శనివారాలకి అడిగి పుచ్చుకున్నాడు. శనివారం కోర్టు ఒంటిపూట. మధ్యాహ్నం ఇంటికొచ్చి, భోంచేసి, ఆ వారం వచ్చిన తీర్పుల్లో ఒకటి తీసుకుని మామూలు మాటల్లో చెప్పేవాడు, నేను కాగితం మీద రాసుకుని వెళ్లి బోర్డు మీద ఎక్కించేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. నా దస్తూరి ముత్యాల కోవలా ఉంటుందని అందరూ అనేవాళ్లు. నా నోటి గురించి మా అమ్మ అనే మాటలు ఇక్కడ రాయను.

బోర్డుకి నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. పైన తగాదా ఏమిటో రాయాలి. మధ్యలో కోర్టు ఏమందో రాయాలి. కింద అడ్డగీత గీసి, ఎంత ఇరుకైనా సరే జానెడు చోటు ఉంచి, "తీర్పు చెప్పనిది" అని రాయాలి. ఎవరికి వర్తించదు, ఎప్పటిదాకా వర్తించదు, ఏం చేస్తేనే వర్తిస్తుంది, అన్నీ అక్కడ. "గెలిచామన్న మాట ఎవడైనా చెప్తాడు. కాళ్లకి అడ్డంపడేది తీర్పు చెప్పని మాటే" అనేవాడు. నేను రాయడం అయ్యాక ఎదుటి కాలిబాట మీద నిలబడి, పెదాలు కదుపుతూ మొత్తం ఒకసారి చదువుకుని, అప్పుడు ఇంటికి కదిలేవాడు.

బోర్డు మీద ఆయన పేరుండేది కాదు. కోర్టు నౌకరు తీర్పుల గురించి బయట నోరు విప్పకూడదని నియమం. విప్పినట్టు రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. బోర్డు ఎవరిదో వీధి వీధంతటికీ తెలుసు, ఎవ్వరూ అనరు. ఇప్పటి మనుషులైతే ఫోటో తీసి పంపి ఉండేవారు!

ఆ శనివారాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. నాలుగయ్యేసరికి బోర్డు ముందు పాతిక ముప్పై మంది. డ్యూటీ దిగిన నర్సు, సంచీ భుజానికేసుకున్న బస్సు కండక్టరు, పిల్లల్ని చంకనేసుకున్న అమ్మలు. చదువొచ్చినవాళ్లు పైకి చదివితే రానివాళ్లు వినేవారు. మాట్లాడే హక్కు మీద తీర్పొస్తే నర్సుకీ కండక్టరుకీ మాటా మాటా పెరిగి, చివరికి ఇద్దరూ ఒకరినొకరు మాట్లాడనివ్వలేదు. అద్దెకున్నవాళ్లకి నీళ్లు బంద్ చేయకూడదని రాసిన వారం, ఒక ఇంటి యజమాని జేబురుమాలుతో ఆ వరుస గుట్టుచప్పుడు కాకుండా తుడిచేశాడు. ఏం లాభం, అప్పటికే వీధిలో అందరికీ కంఠతా వచ్చేసింది!

అందరిలోకీ శ్రద్ధగా వినేది బొత్తాల పిన్ని. గ్రంథాలయానికి ఎదురుగా తోపుడుబండి మీద కుట్టుమిషను పెట్టుకుని చిరుగులు కుట్టేది, వకీళ్ల నల్లకోట్లకి బొత్తాలు వేసేది. ముందూ వెనకా ఎవరూ లేరు. ఆ బండే ఆమెకి ఇల్లూ వాకిలీ. అక్షరమ్ముక్క రాదు. రద్దీ తగ్గాక నేను వెళ్లి ఆమెకి విడిగా చదివేదాన్ని. సూది పెదాల మధ్య పెట్టుకుని "ఊ" కొడుతూ వినేది, ఆఖర్న ఒకే ఒక్క ప్రశ్న వేసేది. "హక్కుందన్నారు, సరేనమ్మాయ్. ఇవ్వనంటే ఎవర్ని అడగాలి?" దానికి జవాబు కోసం నేను మళ్లీ నాన్న దగ్గరికి పరిగెత్తాల్సి వచ్చేది.

ఆ సంవత్సరం కాలిబాటల మీద బళ్లని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తుకుపోవచ్చని పురపాలక సంఘం కొత్త నిబంధన పెట్టింది. దాని మీద కొందరు హైకోర్టుకెక్కారు. బతుకుతెరువు కూడా బతికే హక్కులో భాగమేననీ, నోటీసు ఇవ్వకుండా, మనిషి చెప్పేది వినకుండా బండి తీయడం రాజ్యాంగానికి విరుద్ధమనీ తీర్పొచ్చింది. నాన్న ఆ శనివారం అన్నం కూడా సరిగా తినకుండా చెప్పాడు. చెప్పనిది కూడా చెప్పాడు. ఈ రక్షణ అనుమతిపత్రం ఉన్న బళ్లకే. లేనివాళ్లు నెలరోజుల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. అంతలో ఏదో అర్జెంటు నకలుందని కబురొస్తే, "అంతా రాయి, చోటు చూసుకో" అని చెప్పి మళ్లీ కోర్టుకి వెళ్లిపోయాడు.

నా దగ్గర కొత్తగా కొన్న రంగు సుద్దముక్కలున్నాయి. అంత గొప్ప తీర్పు చిన్నక్షరాల్లో రాయడానికి చేతులు రాలేదు. "నోటీసు లేకుండా బండి తీయరాదు" అని ఎర్రగా, పసుపుగా, మూరెడేసి అక్షరాలతో రాశాను. చుట్టూ తీగలు కూడా గీశాను. తీరా చూస్తే అడుగున నాలుగువేళ్ల చోటు మిగిలింది. తుడిచి మళ్లీ రాయాలంటే ప్రాణం ఒప్పలేదు. జనం చప్పట్లు కొడుతున్నారు. నన్నెవరు ఆపుతారు?

బొత్తాల పిన్నికి చదివి వినిపించాను. "అయితే నేను ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదా అమ్మాయ్?" అంది. ఆమెకి అనుమతిపత్రం లేదని నాకు తెలుసు. తెలిసీ, ఆ ఊపులో, "ఏమక్కర్లేదు పిన్నీ, గుండె మీద చెయ్యేసుకుని పడుకో" అన్నాను. సాయంత్రం నాన్న అడిగితే అంతా రాశానని చెప్పాను.

నెల దాటి ఐదో రోజున పురపాలక సంఘం లారీ వచ్చి మిషనుతో సహా బండి ఎత్తుకుపోయింది.

పిన్ని మా ఇంటికొచ్చింది. ఏడవలేదు. గుమ్మంలో నిలబడి, "నోటీసు ఇవ్వాలని రాశావు కదమ్మాయ్, మరి వాళ్లివ్వలేదేం?" అంది. నన్ను నిలదీయడానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. నాన్న తింటున్నవాడల్లా చెయ్యాపి నావైపు చూశాడు.

"చెప్పనిది రాశావా?"

"చోటు చాల్లేదు నాన్నా."

ఆయన కోప్పడలేదు. రెండు తగిలించినా బాగుండేది. చెయ్యి కడుక్కుని వచ్చి పిన్నిని కూర్చోబెట్టి, దారి ఒకటుందన్నాడు. గడువు దాటిందనడానికి సరైన కారణం చూపిస్తే పదిహేను రోజుల్లోగా దరఖాస్తు తీసుకోవచ్చు. చూపించకపోతే బండి, మిషను వేలానికి పోతాయి. కారణం ఉంది, బోర్డు మీది మాట నమ్మి మోసపోయింది. కానీ ఆ బోర్డు మాదేనని ఎవరో ఒకరు కాగితం మీద సంతకం పెట్టాలి.

పిన్ని దిగ్గున లేచింది. "వద్దు గుమాస్తాగారూ. నా బండి కోసం మీ కంచంలో అన్నం లాక్కుంటానా? ఇంటింటికీ తిరిగి చేత్తో కుట్టుకుంటాను."

"తప్పు నాది, సంతకం నేను పెడతాను" అన్నాను. నాన్న నావైపు తిరిగి, "నిజం చెప్పు. ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పకు" అన్నాడు.

సోమవారం పదకొండింటికి పురపాలక కార్యాలయానికి వెళ్లాను. పిన్ని పొద్దున్నుంచీ అక్కడే బల్ల మీద కూర్చుని ఉంది. ఆఫీసరు ముందు నిలబడి నేను ఉన్నదానికన్నా చాలా ఎక్కువే చెప్పాను. బతికే హక్కన్నాను, రాజ్యాంగమన్నాను, నాన్నకి ఈ బోర్డుతో ఏ సంబంధమూ లేదని ఒట్టేశాను. ఆయన ఒక్క ఎదురు ప్రశ్న వేయకుండా విని, సంతకం పెట్టించుకుని, దరఖాస్తు మీద ముద్ర కొట్టాడు. నా వాగ్ధాటికి మనిషి కరిగిపోయాడనుకున్నాను! గురువారానికల్లా పిన్ని బండి మళ్లీ కాలిబాట మీదికొచ్చింది. నేను వీధిలో నేల మీద నడిస్తే ఒట్టు.

శనివారం వచ్చింది. కాగితం, కలం పట్టుకుని నాన్న ముందు కూర్చున్నాను. "ముందు చేసిన తప్పు ఒప్పుకుని రాయి. ఇకనుంచి తీర్పులు నువ్వే చదువుకుని నువ్వే రాయి. నేను చెప్పను" అన్నాడు.

ఈ శిక్ష పదిరోజులకి తీరిపోతుందిలే అనుకున్నాను. ఆరేళ్లు నడిచింది. గ్రంథాలయానికొచ్చే తీర్పుల సంచికలు ముందేసుకుని తల పగలగొట్టుకునేదాన్ని. అర్థంకాని వరుస పట్టుకెళ్లి చూపిస్తే, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మళ్లీ చదువు" అనేవాడు. అంతే. సరిగ్గా రాశానా అంటే జవాబుండదు, తప్పా అంటే ఉండదు. శనివారాల్లో బోర్డున్న వైపుకి రావడమే మానేశాడు. "ఒక్క మాట చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని అరిచేదాన్ని. "ఒక్క తప్పుకి ఎన్నాళ్లు సాధిస్తావు, నువ్వసలు తండ్రివేనా?" అని కూడా అన్నాను. పెద్ద గుమాస్తా పదవి ఆయనకి కాకుండా ఆయన కింద పనిచేసినవాడికి వచ్చిన రోజు, "ఇంట్లో బెల్లంకొట్టిన రాయిలా ఉండేవాళ్లకి బయట మాత్రం ఏం వస్తుంది" అనేశాను. మా అమ్మ నన్ను కొట్టబోయింది. నాన్న ఆపాడు.

నాన్న ఉద్యోగ విరమణ కూడా శనివారమే వచ్చింది. నాలుగున్నరకి నేను అప్పుడే బోర్డు ముగించి చేతులు దులుపుకుంటున్నాను. వీడ్కోలు సభలో కోర్టువాళ్లిచ్చిన గోడగడియారం చంకలో పెట్టుకుని నాన్న ఇంటికి వెళ్లకుండా నేరుగా ఇటే వచ్చాడు. గడియారం బొత్తాల పిన్ని బండి మీద పెట్టి, బోర్డంతా చదివాడు. నా చేతిలోని సుద్దముక్క తీసుకుని, మధ్యలో ఒక వరుస అరచేత్తో తుడిచి, మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.

"ఇది తుది తీర్పు కాదమ్మా. విచారణ అయ్యేదాకా ఆపమన్నారు, అంతే. నువ్వు కొట్టేశారని రాశావు."

నాకు కోపం కట్టలు తెంచుకుంది. "ఆరేళ్లు నోరు మెదపకుండా ఇవాళ పదిమందిలో దిద్దడానికొచ్చావా? నీ ఉద్యోగం పోకుండా ఆ రోజు ఆఫీసరు ముందు నిలబడింది నేను!"

"నోర్ముయ్ అమ్మాయ్!" అంది పిన్ని. ఆమె నన్నెప్పుడూ అంత మాట అనలేదు. "ఆ సోమవారం నీకన్నా ముందు మీ నాన్న వచ్చాడు. ఆఫీసు తలుపులు తీసేసరికే ఉన్నాడు. ఆ బోర్డు తనే చెప్పి రాయించానని కాగితం ఇచ్చి వెళ్లాడు. తన పై అధికారి దగ్గర ముందే ఒప్పుకుని, ఆయన అనుమతితోనే తెచ్చాడు. ఆ అనుమతికి ఏం రాసిచ్చాడో తెలుసా? ఉద్యోగంలో ఉన్నంతకాలం తీర్పుల గురించి ఎవరితోనూ మాట్లాడనని, ఇంట్లోవాళ్లతో సహా. పెద్ద గుమాస్తా పదవి అడగనని."

"ఇంట్లో చెప్తే ఎవరు చూస్తారు పిన్నీ?" అన్నాను.

"అదే నేనూ అడిగాను. సంతకం పెట్టాక చూసేదెవరన్నది లేదమ్మా అన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. చెప్తే నువ్వు మళ్లీ సుద్దముక్క ముట్టుకోవన్నాడు."

నాన్న అటు తిరిగే రాస్తున్నాడు. ఆయన చొక్కా వీపున చెమటకి తడిసిపోయింది. ఆరేళ్లలో ఆయన్ని నేనన్న మాటలు ఒక్కటొక్కటీ చెవుల్లో మోగాయి. అన్నం ముందు అన్నవి, అమ్మ ముందు అన్నవి, జ్వరంతో పడుకున్నప్పుడు అన్నవి. వెనక్కి తీసుకోడానికి ఒక్కటీ దొరకదు. జనమందరూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేశాను.

రాయడం ముగించి నాన్న ఇటు తిరిగాడు. చొక్కా నిండా సుద్దపొడి. "ఈ పూటతో నా ఉద్యోగం అయిపోయింది. ఇంక మాట్లాడొచ్చు. నీకేవో అనుమానాలుండాలే, అడుగు" అన్నాడు.

ఆరేళ్ల అనుమానాలు. ఒక్కటీ గుర్తురాలేదు.

"ఏదైనా సరే నాన్నా, మాట్లాడు" అన్నాను.