రింగు వదిలిన ఆదివారం

మళ్లీ నాలుగు చుక్కలు కిరసనాయిలు పోసి, జాగ్రత్తయ్య పీట మీద కాస్త వెనక్కి జరిగాడు. ఎదురుగా గోనెపట్టా మీద కారు వెనక చక్రం డ్రమ్ము బోర్లించిన గిన్నెలా ఉంది. దాని నడిమి రంధ్రంలో బేరింగు, ఆ బేరింగు బయటికి జారకుండా పట్టుకున్న ఉక్కు రింగు. పూర్తి చుట్టు కాదది, ఒకచోట తెగి ఉంటుంది. తెగిన చోట రెండు చెవులు, చెవులకు సన్నటి బెజ్జాలు. ప్లయరు మొనలు వాటిలో దూర్చి నొక్కితే రింగు చిన్నదై గాడిలోంచి బయటికి రావాలి. రావాలి అన్నది మనం అనుకునే మాట. పొద్దున టీ తాగి కూర్చున్నవాడు, ఎండ ప్రహరీగోడ దిగి వాకిట్లోకి వచ్చినా లేవలేదు. రింగు మాత్రం ఉలకలేదు, పలకలేదు. తుప్పు దాన్ని గాడితో కలిపి ఒకటే ఇనుము చేసేసింది.

ఆయన అసలు పేరు బస్సు డిపోలో జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పొద్దస్తమానం జాగ్రత్త, జాగ్రత్త అంటుంటాడని కుర్ర డ్రైవర్లెవరో పెట్టిన పేరు ఒంటికి అతుక్కుపోయింది. ఆయన పని చక్రాలు తట్టడం. బస్సు గేటు దాటేముందు పొడుగు పిడి ఉన్న చిన్న సుత్తితో ఒక్కో నట్టునూ తట్టి, చెవి ఒగ్గి వింటాడు. బిగువుగా ఉన్న నట్టు ఒకలా పలుకుతుంది, వదులైంది ఇంకోలా. మీసం రాని రోజుల్లో ఆ సుత్తి పట్టినవాడు మీసం నెరిసినా వదల్లేదు. ఆయన తట్టి పంపిన బస్సు చక్రం ఏనాడూ ఊడలేదు. ఊడని చక్రం గురించి ఎవరూ మాట్లాడుకోరు గనక ఆయన గురించీ ఎవరూ మాట్లాడుకోలేదు. అందుకు ఆయనకేం బాధ లేదు.

కారు కూతురిది. కొండకు అవతల ఆనకట్ట పనిలో ఉన్న అల్లుడి దగ్గర్నుంచి, పిల్లదాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నిన్న సాయంత్రం వచ్చింది. కారు కంటపడక ముందే, వీధి మలుపులోనే, ఆయనకు చక్రం మూలుగు వినిపించింది. కూతురి మొహం చూసి సంతోషపడాల్సిన మనిషి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడని భార్య దెప్పింది. రాత్రికి రాత్రే వెళ్లి కొత్త బేరింగు, దానితోపాటు కొత్త రింగు కొనుక్కొచ్చాడు.

తలకు తువ్వాలు చుట్టుకుని కూతురు గుమ్మంలోకి వచ్చింది.

"కాకపోతే వదిలెయ్ నాన్నా. రేపు పొద్దున మెల్లగా వెళ్లిపోతాను. అక్కడ ఆయన చేయిస్తారు."

"కొండ రోడ్డు మీద, ఆ మూలుగుతోనా? చక్రం ఊడాక చేయిస్తాడా మీ ఆయన? నేనున్నాగా." ఆయన తలెత్తలేదు. "నిన్న దారిలో ఉండగా మీ అమ్మ ఫోను చేస్తే తీశావా?"

"తియ్యలేదు. కొంపలు మునిగినా బండి నడుపుతూ ఫోను తియ్యొద్దన్నావుగా. తియ్యలేదని అమ్మ చేత తిట్లు కూడా తిన్నాను."

ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు. ఈ ఇంట్లో ఆయన మాట వినేది కూతురొక్కతే. ఆ తర్వాత మనవరాలు. అది అప్పుడే వంటింట్లోంచి గరిటె తెచ్చి, జాకీ మీద లేపి ఉన్న కారు దగ్గరికి పరుగెత్తబోయింది. ఆయన రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. మిగిలిన చక్రాలు తడతానంది, తాతలాగే. కారు కిందికి దిగాక తట్టుకోమని మాటిచ్చి పంపాడు.

జాకీ అంటే ఆయనకు పాముతో సమానం. కుర్రతనంలో, డిపోలో, తోటి పనివాడొకడు బస్సును జాకీ మీద వదిలి టీకి వెళ్లాడు. అదే సమయానికి ఇంకొకడు పడిపోయిన పానా తీసుకుందామని కిందికి దూరాడు. ఆ అరుపు జాగ్రత్తయ్య చెవుల్లోంచి ఈ రోజుకీ పోలేదు. అప్పట్నుంచి, పని సగంలో ఉన్నా సరే, పక్కకు వెళ్లాల్సి వస్తే చక్రం తగిలించి బండిని కిందికి దించాకే వెళతాడు. మరి పని సగంలో ఉందని ఇంకొకరికి తెలిసేదెలా? అందుకు స్టీరింగుకు ఎర్రగుడ్డ కడతాడు. పాత దుప్పటి చింపిన పీలిక అది. గుడ్డ ఉంటే బండి ముట్టుకోకూడదు, లేకపోతే పని అయినట్టు. డిపోలో అందరూ నవ్వారు గాని అందరూ పాటించారు. ఇంట్లో అయితే కూతురు నడక నేర్చినప్పటి నుంచి ఆ గుడ్డ భాష తెలిసినదే. ఇవాళ కూడా పొద్దున అన్నిటికన్నా ముందు ఆయన చేసిన పని అదే. ముడి వేసి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

కొండ వైపు గాలి ఆగిపోయింది. ఉక్క మొదలైంది. ఆయన సుత్తితో రింగు చుట్టూ చిన్నగా తట్టాడు, విన్నాడు. మొద్దు చప్పుడు. మళ్లీ తట్టాడు. ఒకచోట చప్పుడు కొంచెం తేలింది. "దారికొస్తున్నావు," అన్నాడు దానితో.

ఇలాంటి రింగు వదిలిందంటే తూటాలా ఎగురుతుంది. దాని మీద గుడ్డ కప్పకుండా నొక్కి కన్ను పోగొట్టుకున్నవాడిని ఆయన ఎరుగును. అటూ ఇటూ చూశాడు. చేతిగుడ్డ కిరసనాయిల్లో తడిసి ముద్దయింది. గోనెపట్టా మందం. లేచి లోపలికి వెళ్లి పాత గుడ్డ అడిగితే భార్య బీరువా అంతా వెతుకుతుంది, ఈలోగా కాస్త కదిలిన రింగు మళ్లీ బిగుసుకుంటుంది. కారు తలుపు తెరిచే ఉంది. స్టీరింగు చేతికందే దూరంలో ఉంది. ఒక్క నిమిషం పనికి ఏముందని ముడి విప్పాడు.

ఎర్రగుడ్డ కప్పి, మొనలు చెవుల్లో దూర్చి, పళ్లు బిగబట్టి నొక్కాడు. ముంజేతి నరాలు తాళ్లలా లేచాయి. ఫట్‌మని చప్పుడైంది. గుడ్డ కింద ఏదో చేపపిల్లలా కొట్టుకుని ఆగింది. గుడ్డ తీసి చూస్తే, ఒక చెవి విరిగిన రింగు. దాని పక్కన ప్లయరు మొన కూడా విరిగి పడి ఉంది. ఆయనకు మొన సంగతి పట్టలేదు. పొద్దుటి నుంచీ మొండికేసిన పిల్లవాడు నవ్వినంత సంబరమైంది. గుడ్డను గోడ మీద పడేసి, పాత బేరింగును దిమ్మతో కొట్టి దించే పనిలో పడ్డాడు.

బకెట్టుతో అటుగా వెళుతున్న భార్య గోడ మీది జిడ్డుగుడ్డను చూసింది. మురికి గుడ్డ కంటపడితే ఆవిడకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. రెండు వేళ్లతో ఎత్తి సబ్బునీళ్లలో ముంచింది. జాగ్రత్తయ్య అటే చూశాడు. కళ్లు చూశాయి గాని మనసు బేరింగులో ఉండిపోయింది.

కొత్త బేరింగు వెన్నలో వేలిలా దిగింది. తీరా కొత్త రింగు వేద్దామంటే విరిగిన ప్లయరుతో పట్టు దొరకలేదు. స్క్రూడ్రైవరుతో కుక్కడం ఆయన వల్ల కాదు. అలా కుక్కి గాడి పాడుచేసేవాళ్లను ఆయన మనుషుల్లో జమకట్టడు. వీధి చివర పంక్చర్ల షాపతని దగ్గర మంచి ప్లయరుంది. కానీ ఆదివారం మధ్యాహ్నం అతను షట్టరు దించి ఇంటికి పోతాడు, పొద్దు వాలాక వస్తాడు. సరే, అప్పుడే వేద్దామనుకున్నాడు.

అంటే పక్కకు వెళ్లాలి. పక్కకు వెళ్లాలంటే కారు కిందికి దిగాలి. డ్రమ్ము ఎక్కించాడు. మళ్లీ విప్పేదే కదా అని డ్రమ్ము నడిమి నట్టును వదులుగా ఉంచడం ఆయన చేతికి రాదు. తట్టి చూసి, గట్టిగా బిగించాడు. నట్టు మీది మూత కూడా వేశాడు. చక్రం తగిలించి, జాకీ దించి, చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. ఎవరు చూసినా పని ముగిసిందనే అనుకుంటారు. ముగియలేదని చెప్పడానికి గుడ్డ ఉంది కదా అనుకున్నాడు. ఆయన కళ్లలో అది ఇంకా స్టీరింగుకే కట్టి ఉంది, పొద్దున రెండుసార్లు లాగి చూసుకున్న ముడితో సహా.

కొత్త రింగుకు నూనె రాసి, దుమ్ము పడకుండా స్టీలు మూతలో పెట్టి, లేవగానే కనబడేలా పడకగది కిటికీ గట్టు మీద ఉంచాడు. ఒళ్లు కడుక్కుని, నాలుగు ముద్దలు తిని, నడుం వాల్చాడు. కళ్లు మూతలు పడుతుండగా దూరంగా ఉరిమింది.

నిద్రలో ఎక్కడో కారు స్టార్టయింది. వీధిలోంచి మలుపు దాకా వెళ్లిన చప్పుడు ఆయన చెవికి అందుతూనే ఉంది. మూలుగు లేదు. చక్రం పూల మీద నడిచినట్టు నడుస్తోంది. ఎవరి కారో గాని చక్కగా ఉందని ఆ నిద్రలోనే తృప్తిపడి, పక్కకు ఒత్తిగిల్లాడు.

మెలకువ వచ్చేసరికి గదంతా చీకటిగా ఉంది. చీకటి రాత్రిది కాదు, మబ్బుది. భార్య టీ గ్లాసు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"లేపుదామంటే అమ్మాయి వద్దంది, పొద్దుటి నుంచీ అలిసిపోయారని. వాన కొండ మీదికి రాకముందే దాటేస్తానని బయల్దేరింది. రేపు పొద్దున బురదలో వెళ్లడం ఎందుకంది. నేనూ సరేనన్నాను."

ఆయన లేచి కూర్చున్నాడు.

"గుడ్డ?" అన్నాడు.

"లేదని చూసుకునే ఎక్కిందండీ. అది మీ కూతురు కాదూ? పిల్ల గరిటెతో నాలుగు చక్రాలూ తట్టి, చెవి పెట్టి విని, బాగున్నాయని చెప్పాకే ఎక్కింది, తెలుసా." చెబుతూ ఆవిడ నవ్వింది. "గుడ్డ ఉతికి ఆరేశాను. వాన పడేలా ఉంది, తీసుకొస్తానుండండి."

తెరిచిన తలుపులోంచి తీగ మీద ఎర్రగుడ్డ కనిపించింది. ఉతికాక దాని ఎరుపు బయటపడింది. జీవితమంతా ఎవరి చక్రమో ఊడుతుందని భయపడ్డవాడు, ఇంతకాలమూ పడ్డ భయమంతా ఈ ఒక్క భయం ముందు దిగదుడుపని తెలుసుకున్నాడు. తలగడ కింద ఫోను తడిమాడు. కూతురి నంబరు నొక్కాడు. చివరికి మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోయింది. మళ్లీ చేశాడు.

గుడ్డ చేత్తో పట్టుకుని వచ్చిన భార్య ఆయన మొహం చూడలేదు.

"ఎందుకండీ అన్నిసార్లు? నడుపుతూ ఉంటే తియ్యదుగా. మీరేగా నేర్పారు."

ఆయన ఇంకోసారి చేశాడు. ఫోను చెవికి ఆనించుకుని, నట్టు చప్పుడు వినేవాడిలా తల వంచి వింటున్నాడు. అవతల మోగుతోంది. ఊరవతల కొండ కనబడటం లేదు, వాన దాన్ని కప్పేసింది. మొదటి జల్లు గాలికి కొట్టుకొచ్చి కిటికీ ఊచలను తడిపింది.

కిటికీ గట్టు మీద, స్టీలు మూతలో, నూనె రాసిన కొత్త రింగు ఉంది.