రేపే బయలుదేరే మనిషి

పళ్ళు తోముకుంటూనే లెక్కపెట్టాడు. గడియారాలాయన వ్యాను ముందు ఈరోజు ఏడుగురు. నిన్న ఆరుగురే.

అతను ముప్ఫై రెండేళ్ళు ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. ఎక్కినవాళ్ళే మీటలు నొక్కుకునే లిఫ్టు వచ్చాక పని పోయింది. పాత వ్యాను కొని, వెనకాల చెక్క మంచం, పొయ్యి, నీళ్ళ డబ్బా అమర్చుకుని, పన్నెండు రోజుల కిందట నది ఒడ్డున ఈ ఖాళీ స్థలానికి వచ్చాడు. వ్యానుల్లోనే బతికేవాళ్ళు ఇక్కడ ఆగుతారని, ఒకరికొకరు తోడుంటారని ఎవరో చెప్పారు. తోడు కోసమే వచ్చాడు. ఆ మాట తనతో తాను కూడా అనుకోలేదు.

వచ్చిన సాయంత్రమే నలుగురు వరసగా వచ్చి, "జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నారు. పొమ్మనడానికి ఇంత మర్యాదా అనుకున్నాడు. మళ్ళీ ఎవరూ రాలేదు.

గడియారాలాయన దగ్గరికి మాత్రం అందరూ వెళ్ళేవారు. పొట్టి మనిషి, బట్టతల. ఒక కంటికి భూతద్దం బిగించుకుని, వ్యాను మెట్టు మీద కూర్చుని గడియారాలు బాగుచేస్తాడు. జోకులు వేస్తాడు. అంతకంటే మంచి జోకులు అతను లిఫ్టులో విన్నాడు, తన వీపు వెనక. ఒక్కటీ తనకు చెప్పింది కాదు. మీటల వైపు చూస్తూ నవ్వు ఆపుకునేవాడు. ఇప్పుడు ఆ మెట్టు దగ్గర నవ్వులు వినపడితే తన వ్యాను తలుపు వేసుకునేవాడు. గడియారాలాయన చెయ్యి వణకాలని, స్ప్రింగు ఎగిరి గడ్డిలో పడాలని, అందరూ చూస్తుండగా వెతుక్కోవాలని కోరుకునేవాడు. కోరుకుని సిగ్గుపడేవాడు. సిగ్గుపడి మళ్ళీ కోరుకునేవాడు.

ఇక్కడ ఇక ఉండకూడదని తేల్చుకుని, మధ్యాహ్నం డబ్బా నింపుకోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. గడియారాలాయన అక్కడే మోకాళ్ళ మీద చేతులానించి ఆయాసపడుతున్నాడు.

"ఏం బావగారూ, ఇంతకీ ప్రయాణం ఎప్పుడు?"

"రేపే పోతాను. మీకేం, హాయిగా ఉండండి."

"మీ బండి పన్నెండు రోజుల్నించీ రేపే అంటోందిగా."

"బండి అనడమేంటి?"

"ముక్కు రోడ్డుకేసి పెట్టారు కదా. పొద్దున్నే పోయేవాళ్ళు ముందురోజు సాయంత్రం అటు తిప్పుతారు. అది చూసి మేం వెళ్ళి ఓ మాట చెప్పేస్తాం. ఆ తర్వాత కదిలించం, కాళ్ళకి అడ్డం పడ్డట్టుంటుందని. మీకు వచ్చిన రోజే చెప్పేశాం." ఊపిరి తీసుకుని నవ్వాడు. "ఆ చివరి వ్యానులో ఉండే మా బస్సమ్మైతే, ఈయనెవరో అలిగిన పెళ్ళికొడుకులా ఉన్నాడు, పోడూ, రాడూ అంది."

"నాకీ సంగతి ఎవరూ చెప్పలేదే."

"పోయేవాడికి ఎవరు చెప్తారండీ?"

లిఫ్టు గుర్తొచ్చింది. తలుపుకేసి ముఖం, జనానికి వీపు. ఆలోచించకుండానే బండిని కూడా అలాగే పెట్టుకున్నాడు. ఆ వెంటనే కోపం వచ్చింది. ఇది కూడా ఇతని నోటే వినాలా?

సాయంత్రం తాళంచెవి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు తిప్పితే నవ్వుతారు. తిప్పకపోతే రేపు నిజంగానే పోవాలి. అంతలో అవతల ఇంజను చప్పుడైంది. గడియారాలాయన వ్యాను వెనక్కి జరిగి, ముక్కు రోడ్డుకేసి పెట్టి ఆగింది.

గుండెకి ఆపరేషనట. ఇక కూతురి ఇంట్లోనే ఉంటాడట. ఒక్కొక్కరే వెళ్ళారు. ఒకప్పుడు బస్సు నడిపిన బస్సమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. తను పోతే ఎవరు ఏడుస్తారన్న ఆలోచన వచ్చి, అతను తన మీద తనే విసుక్కున్నాడు. చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

"జాగ్రత్తగా వెళ్ళిరండి."

"సరే. ముందు మీ బండి తిప్పండి," అన్నాడు గడియారాలాయన.

తెల్లారేసరికి ఆ వ్యాను లేదు. అతను తన బండిని మూడుసార్లు ముందుకూ వెనక్కీ పోనిచ్చి నది వైపు తిప్పాడు. ఎవరూ నవ్వలేదు. బస్సమ్మ రెండు టీ గ్లాసులతో వచ్చింది.

"ఉంటున్నట్టేనా అన్నయ్యగారూ?"

"ఉంటానమ్మా."

ఆమె అతని మెట్టు మీదే కూర్చుంది. కూర్చుని అటే చూస్తోంది. ఏముందక్కడ అనుకుంటూ అతనూ చూశాడు. గడియారాలాయన వ్యాను ఉండిన ఖాళీ చోట, చక్రం కదలకుండా ఆనించిన ఇటుక ఒకటి సగం దాకా మట్టిలో దిగబడి ఉంది, దాని మీద టైరు గీతలు.