అల్లింది ఎవరు

శుక్రవారమంటే నాకు పిండి కలిపే రోజు. సాయంత్రం మా ఆయన వాదిమ్ స్నేహితులొస్తారు, వాళ్ళకి మాంసం కూరిన పెల్మెనీలు చెయ్యాలి. "పల్చగా వత్తు రిమ్మా, పోయినసారి తోలు నమిలినట్టుంది" అని నా భుజం మీంచి చూసి చెప్పి వెళ్తాడు. వాళ్ళొచ్చాక ఫోన్లన్నీ మా ఫ్రిజ్‌లో పెడతారు, ఎవరైనా వింటారేమోనని. వాటికి చోటు చెయ్యడానికి వెన్న, పాలు బయటికి తీసేది నేను. ఆ తర్వాత వాళ్ళు తలుపులు బిగించుకుని యుద్ధాన్ని తిడతారు. నేను అప్పటికి చాలాసేపట్నుంచి నిలబడే ఉంటాను. పగలంతా కర్టెన్ల దుకాణంలో అంచులు కుట్టి రావడం, రాగానే ఇది.

వాదిమ్ చిత్రకారుడు. మా వోలగ్దా ఊళ్ళో ధైర్యం గల మనిషని పేరు. నాకు లేసు అల్లడం వచ్చు, అమ్మ నేర్పింది. గుండ్రటి దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చెక్క కండెల్ని అటూ ఇటూ దాటిస్తూ అల్లాలి. కండెలు టకటకమంటాయి. "ఆ చప్పుడు ఆపవే తల్లీ, మావాడు ఆలోచించుకుంటున్నాడు" అనేది మా అత్తగారు ఎల్విరా పెత్రోవ్నా. అందుకని వంటింట్లో కూర్చుని అల్లేదాన్ని.

నా చెల్లెలు ఇన్నా కొడుకుని సైన్యంలోకి పట్టుకెళ్ళారు. ఆరు నెలలకి మూత తియ్యని పెట్టెలో తెచ్చారు. "ఒక్కసారి మొహం చూడనివ్వండయ్యా" అని ఇన్నా ఆ పెట్టె చుట్టూ తిరిగింది. చూడనివ్వలేదు. ఇంటికొచ్చి దిండు ముందు కూర్చుంటే నా చేతికి పువ్వులు రాలేదు. ఆకులూ రాలేదు. వేళ్ళు వాటంతటవే అక్షరాలు పట్టుకున్నాయి. 'యుద్ధం వద్దు' అని తెల్లటి లేసు, మంచం మీద పరిచేంత పెద్దది, చలికాలమంతా అల్లాను. మంచు కరిగే రోజుల్లో, తెల్లారకముందే వెళ్ళి నదివొడ్డున ఉన్న నల్లటి ఇనప కంచెకి కట్టి వచ్చాను.

మధ్యాహ్నానికి దాన్ని కోసి తీసేశారు. ఈలోపు ఫొటోలు ఊరంతా తిరిగాయి, దేశం దాటి కూడా వెళ్ళాయట. ఆ శుక్రవారం స్తాస్ గట్టిగా నవ్వుతూ వాదిమ్ వీపు చరిచాడు. "ఒరేయ్, మా దగ్గరా దాస్తావా? ఇది నీ బుర్ర కాక ఇంకెవరిదిరా!" వాదిమ్ ఔననలేదు. కాదనలేదు. గ్లాసులోకి చూస్తూ చిన్నగా నవ్వాడు. నేను గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. "వదినా, ఇంకొంచెం మీగడ ఉందా?" అన్నాడు స్తాస్.

వాళ్ళు వెళ్ళాక అడిగితే వాదిమ్ నా జుట్టు నిమిరాడు. "నీ మంచికేనే. నీ పేరు బయటికి రాకపోతే నీకే క్షేమం." అందులో నిజం లేకపోలేదు, అందుకే మింగేశాను. రెండోది అల్లాను, మూడోది అల్లాను. అప్పటికి 'నీది' కాస్తా 'మనది' అయింది, విదేశాల నుంచి ఎవరో విలేకరి రహస్యంగా మాట్లాడితే "ఆలోచన నాది, చేతులు మా ఆవిడవి" దాకా వచ్చింది. దుకాణంలో యజమానురాలూ కుట్టేవాళ్ళని 'చేతులు' అనే పిలిచేది: "ఇవాళ రెండు చేతులు తక్కువయ్యాయి."

ఒకరోజు పొద్దున్నే పోలీసులు వచ్చారు, నేను వాదిమ్ చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. నలుగురు. బూట్లు విప్పలేదు. కాన్వాసులు నేలకేసి కొట్టారు, బీరువాలోవన్నీ కింద కుమ్మరించారు. వంటింట్లో దిండు మీద సగం అల్లిన నాలుగోది అలాగే ఉంది, సూదులతో సహా. దాని మీద గుడ్డ కప్పడానికైనా టైం దొరకలేదు.

"ఇదేనన్నమాట" అన్నాడు వాళ్ళలో పెద్దాయన, ఓపికైన గొంతుతో. "చెప్పండి, వాదిమ్ గారూ. మీ స్నేహితులంతా మీరేనంటున్నారు."

వాదిమ్ మొహం పాలిపోయింది. "నేనా? నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదండీ! ఇదంతా మా ఆవిడ చేసింది. మొదటినుంచీ ఆవిడే. ఆలోచన కూడా ఆవిడదే."

ఆ మాట కోసం ఏడాదిగా ఎదురుచూశాను. బూట్ల మధ్య, చిందరవందరైన ఇంట్లో, ఇలా విన్నాను.

పెద్దాయన నవ్వాడు. "పెళ్ళాం మీదకి తోస్తున్నారా? సిగ్గుగా లేదూ?"

అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని చెవిలో అంది: "ఒప్పుకోవే. ఆడదానివి, నిన్నేం చేస్తారు? వాడైతే చచ్చిపోతాడే లోపల."

నేను నోరు మూసుకుంటే చాలు. వాళ్ళు ఎటూ నన్ను నమ్మరు. అతన్ని తీసుకెళ్తారు, నేను చొక్కా మడిచి లోపల పెట్టుకుంటాను. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ అప్పుడు ఆ లేసులు ఎప్పటికీ అతనివే అయిపోతాయి, నా చెల్లెలి కొడుకు కోసం నేను అల్లినవి.

దిండు ముందు కూర్చుని కండెలు చేతిలోకి తీసుకున్నాను. ఆగిన అక్షరం దగ్గర మొదలుపెట్టాను. టకటక, టకటక. గదుల్లో వెతుకులాట ఆగిపోయింది. వాళ్ళందరూ చూస్తుండగా ఆ అక్షరం పూర్తి చేసి సూది గుచ్చాను. పెద్దాయన నవ్వు మానేసి కాగితం, కలం తీశాడు.

"మీ పేరు?"

పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా చెప్పాను. రాసుకున్నాడు.

"ఇందులో ఎవరి సాయమైనా ఉందా?" అంటూ వాదిమ్ వైపు చూశాడు. వాదిమ్ ఊపిరి బిగబట్టాడు.

"లేదు. ఈ ఇంట్లో ఏ పనిలోనూ నాకు ఎవరూ సాయం చెయ్యలేదు."

జరిమానా పడింది, ఉద్యోగం పోయింది, ఇంకోసారి పట్టుబడితే జైలేనన్నారు. కోర్టు నుంచి తిన్నగా ఇన్నా ఇంటికి వెళ్ళాను, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. ఈమధ్య స్తాస్ బజారులో కనిపించి కళ్ళు తుడుచుకున్నాడు. "వాదిమ్ అంతా చెప్పాడు వదినా. వాణ్ణి కాపాడటానికి నువ్వు పోలీసుల ముందు అంత అబద్ధం ఆడావట."